పికప్ మలుపుల్లో ఊగుతోందా? స్టెబిలైజర్ బార్లు, కమాన్లు, షాక్‌లపై తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం వైపు పికప్ నడిపేవాళ్లు, కొత్తగా కొన్నవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. బొలెరో పికప్, దోస్త్, ఏస్, ఇంట్రా, యోధ లాంటి లోడు బండ్లే మన దగ్గర ఎక్కువ కాబట్టి సమాధానాలు కూడా ఎక్కువగా వాటి గురించే ఉంటాయి. టయోటా హైలక్స్, ఇసుజు వి-క్రాస్ వాళ్లకి కిందన విడిగా రాశాను.

స్వే బార్ అంటే ఏటి? స్టెబిలైజర్ రాడ్, యాంటీ రోల్ బార్ అంటే వేరేనా?

మూడూ ఒకటే. షెడ్డులో స్టెబిలైజర్ అని అడిగితే వెంటనే అర్థమవుతుంది, ఇంటర్నెట్‌లో చూసేవాళ్లు స్వే బార్ అంటారు. చాసిస్ కింద అడ్డంగా ఒక పక్క నుంచి ఇంకో పక్కకి వెళ్లి, రెండు చివర్లూ వంగి ఉండే గట్టి స్ప్రింగు ఉక్కు కడ్డీ అది. మధ్యలో రెండు చోట్ల రబ్బరు బుష్షులు, వాటిపై క్లాంపులు ఉంటాయి. చివర్లు లింక్ రాడ్ల ద్వారా చక్రాల వైపు భాగాలకి కలుస్తాయి.

మా బండికి ఉందో లేదో ఎలా చూసుకోవాలి?

బండి ముందు వంగి, ఇంజిన్ కింద చూడండి. ముందు చక్రాలకి కాయిల్ స్ప్రింగులుండి రెండూ విడివిడిగా కదిలే రకమైతే దాదాపుగా కంపెనీ నుంచే బార్ వస్తుంది. ముందు కూడా కమాన్లే (ఉక్కు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చిన స్ప్రింగు కట్టలు) ఉండే బండ్లలో కొన్నిటికి ఉంటుంది, కొన్నిటికి ఉండదు. ఒకే పేరుతో వచ్చే మోడల్లో కూడా వేరియంట్‌ని బట్టి మారుతుంది, అందుకే పక్కింటివాళ్ల బండి చూసి మీ బండి గురించి తేల్చేయొద్దు.

అది చేసే పని ఏమిటి?

బండి మలుపు తిరిగినప్పుడు బాడీ బయటి పక్కకి వాలుతుంది. బయటి వైపు స్ప్రింగు నొక్కుకుంటుంది, లోపలి వైపు స్ప్రింగు సాగుతుంది. అప్పుడు బార్ ఒక చివర పైకీ ఇంకో చివర కిందకీ పోతుంది, అంటే తడి తువ్వాలు పిండినట్టు మధ్యలో మెలిపడుతుంది. ఆ మెలికని ఉక్కు ఒప్పుకోదు, మళ్లీ తిన్నగా అవ్వాలని తోస్తుంది. ఆ తోపుడే బండి వాలకుండా కొంత ఆపుతుంది.

ఇక్కడే ఇంకో సంగతి ఉంది. రెండు చక్రాలూ ఒకేసారి స్పీడ్ బ్రేకర్ ఎక్కితే బార్‌కి మెలిక పడదు, మొత్తం బుష్షుల్లో తిరుగుతుంది అంతే. కాబట్టి తిన్నటి స్పీడ్ బ్రేకర్ మీద దాని ప్రభావం ఉండదు. ఒక్క పక్క చక్రమే గుంతలో పడితే మాత్రం ఆ కుదుపులో కొంత రెండో పక్కకి కూడా అందుతుంది. మరీ లావు బార్ వేసిన బండ్లు ఊరి రోడ్ల మీద తల అటూ ఇటూ కొట్టుకునేలా ఊపడానికి కారణం ఇదే.

స్టెబిలైజర్ వేస్తే ఎక్కువ లోడు వెయ్యొచ్చా?

లేదు. అది ఒక్క కిలో బరువు కూడా మొయ్యదు. బండి వెనక కుంగిపోతుంటే స్టెబిలైజర్ వల్ల ఒక్క అంగుళం కూడా లేవదు.

సాలూరు ఘాట్‌లో లోడుతో వెళ్తాం. గట్టి బార్ వేస్తే బోల్తా భయం పోతుందా?

ఈ ప్రశ్నకి కొంచెం లెక్క చెప్పాలి, ఓపిగ్గా చదవండి.

బండి బోల్తా పడటాన్ని ప్రధానంగా రెండు కొలతలు నిర్ణయిస్తాయి: ఎడమ కుడి చక్రాల మధ్య వెడల్పు, మొత్తం బరువుకి మధ్యబిందువు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందన్నది. వెడల్పు 1.4 మీటర్లు, ఎత్తు 1 మీటరు అనుకుందాం. వెడల్పులో సగం 0.7ని ఎత్తుతో భాగిస్తే 0.7 వస్తుంది. అంటే భూమి కిందకి లాగే బలంలో పదింట ఏడు వంతులు పక్కకి తోస్తే లోపలి చక్రాలు లేస్తాయి. ఇప్పుడు అదే బండిలో వరిగడ్డి మోపులో జీడిపిక్కల బస్తాలో ఎత్తుగా పేర్చారు, మధ్యబిందువు 1.4 మీటర్లకి పోయింది. అప్పుడు ఆ అంకె 0.5కి పడిపోతుంది. 20 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపులో మొదటి బండి కాగితం మీద గంటకి 42 కిలోమీటర్ల దాకా నిలబడుతుంది, రెండోది 36 దాటితే లేస్తుంది. ఆరు కిలోమీటర్ల తేడా డ్రైవరుకి స్పీడోమీటరులో కూడా సరిగ్గా కనిపించదు.

ఇది బండి వాలకుండా నిటారుగా ఉంటుందనుకుని వేసిన లెక్క. నిజంగా అయితే బాడీ వాలి, బరువు బయటి పక్కకి జరిగి, టైరు నొక్కుకుని, తాడు వదులైన లోడు కూడా ఒరిగి, ఇంకా ముందే పడుతుంది. స్టెబిలైజర్ సాయం చేసేది ఈ వాలుడులోనే. బాడీ 5 డిగ్రీలు వాలేచోట మూడున్నర డిగ్రీలు వాలింది అనుకోండి, మధ్యబిందువు పక్కకి జరగడంలో తగ్గేది సుమారు రెండు సెంటీమీటర్లు. మన దగ్గర ఉన్న 70 సెంటీమీటర్లలో రెండు సెంటీమీటర్లు మిగిలాయన్నమాట. అంతే లాభం. లోడు ఎత్తు ఒక అడుగు తగ్గిస్తే వచ్చే లాభం దీనికి ఎన్నో రెట్లు.

మరి బార్ ఎందుకంటే, బండి వెంటనే స్టీరింగు మాట వింటుంది, ఎడమ నుంచి కుడికి గబుక్కున తిప్పాల్సి వచ్చినప్పుడు ఊగి ఊగి వెనక్కి కొట్టదు, డ్రైవరు అలసిపోడు. ఇవి చిన్న లాభాలేం కాదు. కానీ బండి వాలడం తగ్గింది కదా అని వేగం పెంచితే ఆ లాభం అంతా అక్కడే పోతుంది. వాలుడు డ్రైవరుకి అందే హెచ్చరిక కూడా. నా మటుకు నాకు ఘాట్ బండికి గట్టి బార్ కంటే మంచి బ్రేకులు, రెండో గేరు, తక్కువ ఎత్తు లోడు ముఖ్యం.

సరే, మా బండి హైవే మీద కూడా ఊగుతోంది. ముందు ఏం మార్చాలి?

కొత్తది ఏదీ కొనకండి ముందు. ఉన్నవి సరిగా ఉన్నాయో లేదో చూడండి. ఊగుతోందని వచ్చే బండ్లలో చాలావాటికి కావాల్సింది అప్‌గ్రేడ్ కాదు, అరిగిపోయిన పాత పార్టు బదులు కొత్త పార్టు.

ముందుగా టైర్లలో గాలి. వెనక టైర్లలో గాలి తక్కువైతే టైరు పక్కగోడలే వంగి బండి ఊగుతుంది, మనం స్ప్రింగుల్ని తిట్టుకుంటాం. డ్రైవర్ డోరు దగ్గరో మాన్యువల్‌లోనో ఖాళీకి వేరే, లోడుకి వేరే ప్రెజర్ రాసి ఉంటుంది, అది చూసి పట్టించండి. అదీ టైరు చల్లగా ఉన్నప్పుడే. రణస్థలం నుంచి ఎండలో వచ్చి వెంటనే కొలిస్తే అంకె ఎక్కువే చూపిస్తుంది.

తర్వాత బుష్షులు. కమాను చివరి గుండ్రటి కంట్లో ఉండే బుష్షు, కమానుని చాసిస్‌కి కలిపే షాకిల్ బుష్షు, స్టెబిలైజర్ బుష్షు, లింక్ రాడ్ చివర్లు. బండి నిలబెట్టి ఒకరు స్టీరింగు అటూ ఇటూ తిప్పుతుంటే ఇంకొకరు కిందనుంచి చూస్తే ఏది ఆడుతోందో తెలిసిపోతుంది. పొడవాటి రాడ్డు సందులో పెట్టి మెల్లగా ఎగదోస్తే లూజు బుష్షు వెంటనే బయటపడుతుంది.

కమాను కట్టని హౌసింగుకి (వెనక యాక్సిల్ ఉండే గొట్టం) పట్టి ఉంచే యూ బోల్టులు వదులైతే ఆ హౌసింగు కమాను మీద రవ్వంత జరుగుతుంది, బండి తిన్నగా పోతున్నా వెనక భాగం పక్కకి నడిచినట్టుంటుంది. కమాను కట్ట మధ్య బోల్టు విరిగితే ఇదే లక్షణం ఇంకా గట్టిగా వస్తుంది, అప్పుడు బండి నడపడం ప్రమాదం.

ఆ తర్వాతే షాక్‌లు, అంటే షాక్ అబ్జార్బర్లు. ఆయిలు కారిన మరకలు, వంగిన రాడ్డు, పగిలిన పైబుష్షు చూడండి. బంపర్ మీద బరువు వేసి వదిలేస్తే బండి ఒకసారి లేచి ఆగాలి, రెండు మూడు సార్లు ఊగితే షాక్ పోయినట్టే. ఖాళీ పికప్ వెనక కమాన్లు గట్టిగా ఉంటాయి కాబట్టి అక్కడ ఈ పరీక్ష అంతగా పనికిరాదు, మరకలే సాక్ష్యం.

ఇవన్నీ బాగుండి కూడా ఊగుతుంటే అప్పుడు బార్ గురించి ఆలోచించండి.

ఖాళీగా బాగానే పోతుంది, లోడు వేస్తేనే స్టీరింగ్ తేలిపోతోంది. ఎందుకు?

బరువు వెనక హౌసింగుకి ఇంకా వెనక్కి పడి ఉంటుంది. వెనక డోరు దగ్గర బరువు పెరిగేకొద్దీ ముందు చక్రాలు తేలికవుతాయి, స్టీరింగు తేలికగా తిరుగుతుంది కానీ బండి తిరగదు. మన దగ్గర మధ్యలో ఒక ఊళ్లో కొన్ని బస్తాలు దించి ఇంకో ఊళ్లో కొన్ని దించుతారు. ముందు వైపువి ముందే దించేస్తే మిగిలినవన్నీ తోక దగ్గరే ఉండిపోతాయి. దించిన ప్రతిచోటా మిగిలినవి ముందుకి జరపాలి, కూలీలు గొణిగినా సరే. బరువైనవి కింద, కేబిన్ వైపు. కొబ్బరికాయల్లాంటి దొర్లే సరుకు వదులుగా పోస్తే మలుపులో ఒక పక్కకి చేరిపోతుంది, గోనెల్లోనో వలల్లోనో కట్టి వేస్తే కదలదు.

డీజే బాక్సులు కట్టే ఏస్ బండ్లవాళ్లకి ఇదే మాట ఇంకొంచెం గట్టిగా చెప్పాలి. అంత ఎత్తున బరువు కట్టి ఊరేగింపు అయ్యాక అదే కట్టుడుతో హైవే ఎక్కొద్దు.

బార్ ముందు వెయ్యాలా, వెనక వెయ్యాలా?

ముందు గట్టిపడితే బండి మలుపులో కొంచెం బయటికి నెట్టుతుంది, డ్రైవరు కాలు తీస్తే సర్దుకుంటుంది. వెనక గట్టిపడితే తోక జారే స్వభావం పెరుగుతుంది. పికప్‌కి వెనక చక్రాలే బండిని తోస్తాయి, ఖాళీగా ఉంటే వాటి మీద బరువు తక్కువ. ఆ పరిస్థితిలో వెనక లావు బార్ ఉంటే మలుపులో లోపలి చక్రం పట్టు తగ్గి, వాన పడ్డ రోడ్డు మీద వెనక భాగం పక్కకి జారొచ్చు. అందుకని రోజూ ఒక దారి లోడుతో, ఇంకో దారి ఖాళీగా తిరిగే బండికి వెనక మరీ గట్టి బార్ నేను వెయ్యమని చెప్పను. ఎప్పుడూ ఎత్తైన బాడీతో, దాదాపు ఒకే బరువుతో తిరిగే బండ్లకి, అంటే కంటైనర్ బాడీ, కూలింగ్ బాక్సు, ఫుడ్ ట్రక్కు లాంటివాటికి వెనక బార్ మంచి ఖర్చే.

ఎంత లావు బార్ తీసుకోవాలి? రెండు మిల్లీమీటర్ల తేడాకి ఏమవుతుంది?

చాలా అవుతుంది. మెలికని ఆపే శక్తి వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 20 మిల్లీమీటర్ల బార్ తీసి 22 వేస్తే 46 శాతం గట్టిపడుతుంది, 22 నుంచి 25కి పోతే 67 శాతం. కాబట్టి ఒక మెట్టు ఎక్కితే చాలు, లావుదే గొప్పదనుకుని దొరికినంత లావు తేవొద్దు. బార్ చెయ్యి పొడవు కూడా లెక్కే, చెయ్యి పొడవైతే మెత్తబడుతుంది. కొన్ని బార్ల చివర రెండు మూడు రంధ్రాలు ఇచ్చేది అందుకే, లోపలి రంధ్రంలో లింకు బిగిస్తే గట్టిగా, బయటి దాంట్లో మెత్తగా ఉంటుంది.

లోపల డొల్లగా ఉండే బార్లు చూసి మోసమనుకోకండి. మెలికని ఆపేది ఎక్కువగా పైపొరే. లోపలి వ్యాసం బయటి దాంట్లో సగం ఉన్నా గట్టిదనం 6 శాతమే తగ్గుతుంది, బరువు మాత్రం పావు వంతు తగ్గుతుంది.

వేరే బండి బార్ స్క్రాప్‌లో దొరికింది, వంచి వెల్డింగ్ చేసి బిగించొచ్చా?

వద్దు. అది వేడి చేసి చల్లార్చి గట్టిపరచిన ఉక్కు. వెల్డింగ్ వేడి తగిలిన చోట ఆ గుణం పోతుంది, కొన్నాళ్లకి అక్కడే విరుగుతుంది. విరిగిన ముక్క టైరుకో బ్రేకు పైపుకో తగిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కమాను పట్టీకి కూడా ఇదే వర్తిస్తుంది, విరిగిన పట్టీని అతికించి వెయ్యకూడదు.

కమాన్లకి ఇంకో ప్లేటు ఎక్కించమంటున్నారు. ఎక్కించుకోనా?

మన రెండు జిల్లాల్లో ఎక్కువగా జరిగే అప్‌గ్రేడ్ ఇదే, ఎక్కువగా తప్పుదారి పట్టేదీ ఇదే.

ఒకే మందం ఉన్న అయిదు ప్లేట్ల కట్టకి ఆరోది కలిపితే సుమారు 20 శాతం గట్టిపడుతుంది. మందం పెంచితే ఇంకా ఎక్కువ, ఎందుకంటే అక్కడ మూడో ఘాతం పనిచేస్తుంది: 8 మిల్లీమీటర్ల ప్లేటు స్థానంలో 10 వేస్తే ఆ ప్లేటు గట్టిదనం దాదాపు రెట్టింపు. వెనక భాగం కుంగదు, చూడ్డానికి బండి నిటారుగా ఉంటుంది. దాంతో బండి సామర్థ్యం పెరిగిందని ఓనరు అనుకుంటాడు. పెరిగింది కమాను బలం ఒక్కటే. హౌసింగు, హబ్ బేరింగులు, బ్రేకు డ్రమ్ములు, టైర్లు, చాసిస్ అన్నీ పాతవే. 1,700 కిలోలకి చేసిన బండిలో 2,500 వేస్తే కమాను మోస్తుంది, బేరింగు మొయ్యదు.

ఇంకొకటి చాలామందికి తెలియదు. చాలా పికప్‌లలో వెనక హౌసింగుకీ చాసిస్‌కీ మధ్య ఒక చిన్న రాడ్డో స్ప్రింగో ఉంటుంది, అది బ్రేకు వాల్వుకి కలిసి ఉంటుంది. వెనక భాగం ఎంత కుంగిందో దాన్ని బట్టి లోడు ఎంతుందో ఆ వాల్వు అంచనా వేసి వెనక బ్రేకులకి ఆయిల్ ప్రెజర్ పంపుతుంది. ఖాళీ బండికి తక్కువ, లోడు బండికి ఎక్కువ. మీరు ప్లేట్లు ఎక్కించి బండి కుంగకుండా చేస్తే వాల్వు బండి ఖాళీ అనుకుంటుంది, నిండు లోడులో వెనక బ్రేకు సగం పనే చేస్తుంది. భారమంతా ముందు బ్రేకుల మీద పడి అవి వేడెక్కిపోతాయి. ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు పట్టడం లేదని చెప్పేవాళ్లలో ప్లేట్లు ఎక్కించినవాళ్లుంటే ముందు ఈ రాడ్డు చూడాలి. కమాన్లు మారిస్తే ఆ రాడ్డు సెట్టింగు కంపెనీ చెప్పిన కొలతకి మళ్లీ సరిచెయ్యాల్సిందే. దాన్ని తీసి వైరుతో కట్టేసిన బండ్లు కూడా తిరుగుతున్నాయి, అది మాత్రం అస్సలు చెయ్యొద్దు.

కట్ట పాతబడి, ప్లేట్లు వంపు పోయి తిన్నబడిపోతే అది వేరే సంగతి. అప్పుడు రెండు పక్కలా ఒకేసారి, అదే లెక్క ప్లేట్లతో కొత్త కట్టలు వేసుకోండి. ఒక్క పక్కే మారిస్తే బండి ఒరిగే ఉంటుంది. కొత్త కట్టకి కొత్త యూ బోల్టులు వెయ్యాలి, ఒకసారి సాగదీసి బిగించిన యూ బోల్టు రెండోసారి అంత పట్టు ఇవ్వదు.

హెల్పర్ రబ్బర్లు, ఎయిర్ బ్యాగులు ఎలా ఉంటాయి?

అప్పుడప్పుడు మాత్రమే నిండు లోడు వేసేవాళ్లకి ప్లేటు ఎక్కించడం కంటే ఇవే నయం. ఇక్కడ ఎయిర్ బ్యాగు అంటే ప్రమాదంలో తెరుచుకునేది కాదు, కమానుకి సాయంగా పెట్టే గాలి స్ప్రింగు. ఖాళీగా ఉన్నప్పుడు బండి మెత్తగానే ఉంటుంది, కుంగినప్పుడే రబ్బరు పని మొదలుపెడుతుంది. ఎయిర్ బ్యాగులైతే రెండు పక్కలకీ విడివిడి గొట్టాలుండాలి. ఒకే గొట్టంతో కలిపేస్తే మలుపులో బయటి బ్యాగులోని గాలి లోపలి బ్యాగులోకి పోయి బండి ఇంకా వాలుతుంది. బ్రేకు వాల్వు గురించి పైన చెప్పింది వీటికీ వర్తిస్తుంది.

గ్యాస్ షాక్‌లు వేస్తే బండి ఎత్తు పెరుగుతుందా, లోడు ఆగుతుందా?

పెద్దగా పెరగదు, లోడు ఆగదు. షాక్ పని బరువు మొయ్యడం కాదు, స్ప్రింగు ఊగుడు ఆపడం. లోపల ఆయిలు చిన్న రంధ్రాల్లోంచి దూరుతూ ఊగే శక్తిని వేడిగా మార్చేస్తుంది. గుంతల రోడ్డు మీద చాలాసేపు నడిపితే మామూలు షాక్‌లో ఆయిలు నురగ కడుతుంది, పట్టు తగ్గుతుంది. గ్యాస్ షాక్‌లో నైట్రోజన్ ఒత్తిడి ఆ నురగని తగ్గిస్తుంది. పాతపట్నం, సీతంపేట లోపలి దారుల్లో ఎక్కువ తిరిగేవాళ్లకి తేడా తెలుస్తుంది. హైవే మీదే తిరిగేవాళ్లకి మంచి మామూలు షాక్ చాలు. ఏదైనా జతగా మార్చండి.

షాక్ పొడవు తప్పు తెస్తే కూడా ఇబ్బందే. పొట్టిదైతే చక్రం గుంతలో దిగినప్పుడు షాకే ఆపుకట్టలా మారి పైబోల్టు తెంచుకుంటుంది.

రబ్బరు బుష్షా, పాలీయూరిథేన్ బుష్షా?

పాలీ బుష్షు గట్టిది, ఎక్కువ కాలం వస్తుంది, బార్ వెంటనే స్పందిస్తుంది. కానీ కీచుమంటుంది, దానికి చెప్పిన సిలికాన్ గ్రీజు వెయ్యాలి. లోడు బండికి స్టెబిలైజర్ దగ్గర పాలీ వేసి, కమాన్ల కంట్లో రబ్బరు ఉంచుకుంటే కుదుపు, శబ్దం రెండూ అదుపులో ఉంటాయి. కీచుమంటోందని రబ్బరు బుష్షులకి ఇంజిన్ ఆయిలో డీజిలో కొట్టడం మన దగ్గర పాత అలవాటు, దానివల్ల రబ్బరు ఉబ్బి మెత్తబడి తొందరగా పోతుంది.

మాది చేపల బండి. ఏడాదికోసారి కమాన్లు పోతున్నాయి, కంపెనీ లోపమా?

ఉప్పు పని అది. భావనపాడు, కళింగపట్నం వైపు నుంచి ఐసు పెట్టెలతో వచ్చే బండ్లలో ఐసు కరిగి కారే ఉప్పునీళ్లు తిన్నగా వెనక కమాన్ల మీదే పడతాయి. ప్లేట్ల మధ్య చేరి లోపలినుంచి తింటాయి, తుప్పు గుంట పడ్డ చోటే పగులు మొదలవుతుంది. ఉద్దానంలో సముద్రపు గాలికి కూడా ఇదే జరుగుతుంది కానీ నెమ్మదిగా. ఫ్లోరుకి ఒకే చోట రంధ్రం పెట్టి, గొట్టంతో నీళ్లు చక్రాలకీ చాసిస్‌కీ దూరంగా వెనక్కి పోయేలా చెయ్యండి. లోడు దించాక మంచినీళ్లతో కింద కడగండి, పైన కాదు కింద. మరీ అంటే కట్ట విప్పించి ప్లేట్ల మధ్య గ్రాఫైట్ గ్రీజు పట్టించండి. యూ బోల్టు మరలు తుప్పు పడితే బిగువు చూడటానికి కూడా వీలుండదు, వాటికి గ్రీజు పూసి ఉంచండి.

హైలక్స్, వి-క్రాస్ లాంటివాటికి రెండు అంగుళాలు లిఫ్ట్ చేయిస్తే?

ఈ రెండు బండ్లకీ ముందు డబుల్ విష్‌బోన్ (ఒక్కో చక్రాన్ని పైనా కిందా రెండు చేతులు పట్టే రకం), కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్లు. వి-క్రాస్ మన రాష్ట్రంలోనే, శ్రీసిటీలో 2016 నుంచి తయారవుతోంది, హైలక్స్ 2022లో ఇక్కడికొచ్చింది. సొంతానికి వాడుకునేవాళ్లు కాబట్టి వీళ్ల కోరికలు వేరే: ఎత్తు, పెద్ద టైర్లు, అడవి దారి.

ఎత్తు పెరిగితే బోల్తా లెక్కలో మళ్లీ నష్టమే, పైన చెప్పినట్టు. ముందు బాల్ జాయింట్లు, యాక్సిల్ జాయింట్లు వాలుగా పనిచేస్తాయి, వాటి రబ్బరు తొడుగులు తొందరగా చిరుగుతాయి. స్టెబిలైజర్ లింకులు అదే పొడవుంచితే బార్ ఎప్పుడూ వంగిన కోణంలో ఉంటుంది, దాని పని సరిగా జరగదు. లిఫ్ట్ చేయించాక అలైన్‌మెంట్, హెడ్‌లైట్ల ఎత్తు తప్పకుండా సరిచేయించాలి, లేకపోతే ఎదురుగా వచ్చేవాళ్ల కళ్లలోకి కొడతాయి. లోడుతో వెనక కుంగిన పికప్‌లకి కూడా ఇదే జబ్బు.

రాళ్ల దారిలో చక్రాలు స్వేచ్ఛగా కిందికి దిగాలని కొందరు ముందు లింకులు ఊడదీస్తారు. నెమ్మదిగా ఎక్కేచోట అది పనిచేస్తుంది. తారు రోడ్డు ఎక్కేముందు మళ్లీ బిగించకపోతే మాత్రం మొదటి మలుపులోనే బండి వేరేలా ప్రవర్తిస్తుంది.

షెడ్డులో బిగిస్తున్నప్పుడు పక్కన నిలబడి ఏం చూడాలి?

రెండు చక్రాలూ ఒకే ఎత్తులో ఉన్నాయా అన్నది. ఒక పక్కే జాకీ ఎత్తి లింకు విప్పితే బార్ మెలికలో ఉంటుంది, బోల్టు ఊడగానే చేతి మీదకి ఎగురుతుంది. జాకీ మీద మాత్రమే నిలిచిన బండి కిందకి ఎవరినీ దూరనివ్వకండి, స్టాండ్లు పెట్టమనండి.

రబ్బరు అతికి ఉండే బుష్షుల బోల్టులు చివరి బిగింపు బండి చక్రాల మీద నిలబడ్డాకే చెయ్యాలి. గాల్లో వేలాడుతున్నప్పుడు బిగిస్తే బండి దిగగానే రబ్బరు మెలిపడి, అలాగే తిరిగి తిరిగి తొందరగా చిరుగుతుంది. కొత్త బుష్షులు మూడు నెలలకే పోతున్నాయని పార్టుని తిట్టేవాళ్లు ఈ ఒక్కటీ అడగాలి. యూ బోల్టులు అయితే కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ టార్క్ రెంచితో బిగించాలి, ప్లేట్లు సర్దుకున్నాక అవి కచ్చితంగా వదులవుతాయి.

ఎఫ్‌సికి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) వెళ్తే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఒప్పుకుంటారా? చలానా పడుతుందా?

కంపెనీ ఇచ్చిన కొలతలకే అదే రకం పార్టు వేస్తే అది రిపేరు, దానికి ఇబ్బంది లేదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సిలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి వేరేగా మారేలా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే గట్టిగా చెప్పింది. కాబట్టి ఎత్తు పెంచడం, బాడీ మార్చడం లాంటివి చేసేముందు ఆర్‌టీఓ ఆఫీసులో అడగండి, తర్వాత కాదు.

ఎక్కువ లోడుకి 194వ సెక్షన్ కింద 20,000 రూపాయలు, ఆపైన ఎక్కువున్న ప్రతి టన్నుకీ 2,000, పైగా ఎక్కువ సరుకు అక్కడే దించాలి. లోడు పక్కలకో ఎత్తుకో పరిమితి దాటి బయటికొచ్చినా 20,000. బాడీ కొలతల్ని మించి గడ్డి కట్టే బండ్లకి ఈ రెండోది ఎక్కువ తగులుతుంది. ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ వాళ్లు కూడా ముందు ఇవే చూస్తారు.

పాత పికప్ కొంటున్నాను, కింద ఏం చూడాలి?

వెనక కట్టలో ప్లేట్ల సంఖ్య రెండు పక్కలా ఒకటేనా, కంపెనీ లెక్కతో సరిపోతోందా చూడండి. ఎక్కువుంటే ఆ బండి ఎప్పుడూ ఓవర్‌లోడే మోసిందని అర్థం, చాసిస్ మీద వెనక కమాను బ్రాకెట్ల చుట్టూ పగుళ్లు, కొత్త వెల్డింగ్, కొత్త పెయింటు ఉన్నాయేమో వెతకండి. బండి మరీ కుంగినప్పుడు హౌసింగు వచ్చి తగిలే బంప్ స్టాపర్ రబ్బరు నలిగి చిట్లిపోతే అదీ అదే కథ చెబుతుంది. స్టెబిలైజర్ లింకులు ఊడదీసి వదిలేశారా అన్నది తప్పక చూడండి, కొత్తవి కొనే బదులు తీసేసి తిరిగే బండ్లు చాలా ఉన్నాయి. బ్రేకు వాల్వు రాడ్డు దాని చోట ఉందా. నాలుగు టైర్ల అరుగుదల. ఆ తర్వాతే ఇంజిను శబ్దం వినండి.

చిన్న గుంతలో కూడా ముందునుంచి టక్ టక్ అంటోంది. ప్రమాదమా?

ఎక్కువసార్లు అది లింక్ రాడ్ అరుగుదలే, ఈ పేజీలో చెప్పిన రిపేర్లన్నిటిలో చవకైనది. కానీ బాల్ జాయింటు అరిగినా దాదాపు అదే శబ్దం వస్తుంది, అది ఊడితే చక్రం పడిపోతుంది. అందుకని లింక్ రాడ్డే అని ఊహించుకుని నెలలు గడపకుండా ఆ వారంలోనే ఎత్తి చూపించండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట కనిపించిందంటే బండి అక్కడే ఆపేయండి.